గంట కొట్టవలసినవాడు

హలో… ఆ, నేనే, అన్సెల్మోనే. చెప్పండి దోన్యా నేలిదా.

…

గుసగుసలెందుకు?… వంటింట్లోంచా? లేదు లేదు, నాకేమీ కాలేదు. గుండె, ఊపిరి, రెండూ సక్రమంగానే పనిచేస్తున్నాయి. మాతే టీ తాగుతున్నాను. తోడుగా కాస్త చీజ్…

ఏ ధ్యానం? అది ఇందాకే ఆగిపోయింది కదా! రాత్రి గాలికి తీగ వదులైందేమో, మొదలుపెట్టిన కాసేపటికే ఇంటర్నెట్ పోయింది. మన జెన్ బృందానికి ఇవాళ సెలవే అనుకుని లేచి, తోటలో టమాటాలకు కర్రలు కూడా కట్టి వచ్చాను.

ఏమిటీ?

ఇంకా కూర్చునే ఉన్నారా? అందరూనా?

… నా బొమ్మా? తెర మీదా?… కదలకుండా?

అయ్యో! అది నేను కాదు నేలిదా గారూ. నేను వదిలి వచ్చిన ఆఖరి క్షణం అది.

… “ఎంత నిశ్చలంగా ఉన్నారో అనుకున్నాం” అంటారా? సంతోషం. ఆ మెప్పు పొందడానికి నేను అక్కడ లేకపోవలసి వచ్చిందన్నమాట.

సరే, అందరూ కళ్ళు దించుకుని గోడవైపు కూర్చోవాలి కదా, మీరెలా చూశారు?… దొంగచూపా! మన గురువుగారికి, మాయెస్త్రాకు చెప్పను లెండి.

… పిల్లి? నా వెనకా?… గాల్లోనా?

బీరువా మీంచి దూకుతుండగా బొమ్మ నిలిచిపోయి ఉంటుంది. చూశారా, జీవితమంతా పిల్లలకు గురుత్వాకర్షణ బోధించినవాడి వీపు వెనక పిల్లి వేలాడుతోంది! ఒక్కరికీ అనుమానం రాలేదా?

… మీ ఆయన చూశారా? చూసి?… అది నేను పెట్టిన జెన్ చిక్కుప్రశ్న అనుకున్నారా! మీకు ఊరుకోమని సైగ చేసి మళ్ళీ కళ్ళు దించేశారా! ఖర్మ!

ఆగండి. మీ ఆయన యూలోహియో ఇంతసేపు కదలకుండా కూర్చోకూడదు కదా? ఆ తుంటి ఆపరేషను తరవాత… అవును, మీరే చెప్పారు, డాక్టరు నడవమంటున్నాడని. ఈయనేమో పడిపోతానన్న భయంతో కుర్చీ వదలడం లేదని.

లేవమనండి ముందు!

… వినరా? గంట మోగితేగానీ?… జుల్మా కూడానా? మందుల షాపు తెరవాలి కదా ఆవిడ!

మీరే మైకు తెరిచి చెప్పేయండి… గంట మోగేదాకా మాట్లాడకూడదు, సరే. మరి ఇప్పుడు చేస్తున్నదేమిటి?… వంటిల్లు ధ్యానమందిరం కిందికి రాదా? ఈ తర్కానికి నేనైతే సున్నా వేసేవాణ్ణి.

… తెలుసు, తెలుసు. మూడు కొడితే కూర్చోవడం, రెండు కొడితే లేచి మెల్లగా నడవడం, ఒక్కటి కొడితే ముగింపు. ట్రాఫిక్ దీపాలని వెక్కిరించింది నేనే కదా! గంటంటే గాలిలో కంపనం, అంతకుమించి ఏమీ లేదని మీ అందరికీ ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇప్పుడేమో ఆ కంపనం లేక ఊళ్ళకు ఊళ్ళు కూర్చుండిపోయాయి.

మాయెస్త్రాదే తప్పు. తను ప్రయాణంలో ఉంటే గంట నాకెందుకు అప్పగించాలి?… “నమ్మకం లేనివాడు నియమం తప్పడు” అందా? అలా అందా ఆవిడ?

… లేదు, ఏమీ లేదు. మాతే ఒలికింది, తుడుస్తున్నాను.

ఒక పని చేద్దాం. మీ ఫోను కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళండి. మైకు తెరవండి. తెరవడం మాట్లాడటం కాదు, భయపడకండి. నేనిక్కడ ఒక్కటి కొడతాను, ముగిసిపోతుంది… సరే. పెట్టారా?

టక్.

ఛ! అంచు పట్టుకుని కొట్టాను. రిసీవరేమో భుజానికీ చెవికీ మధ్య, ముసలి చేతులేమో రెండే… ఇదిగో, మళ్ళీ.

ణంగ్…

నేలిదా గారూ? మైకు మూశారా?… లేచారా? హమ్మయ్య! యూలోహియో?… లేచారా! ఇంకేం, ముగిసిందిగా.

… నడుస్తున్నారా? ఎక్కడికి?

ఓహో. ఆ టక్‌ కూడా లెక్కలోకి వచ్చిందా! రెండు. అవును, రెండే. రెండు వరకూ ఎంచలేని సైన్సు మేష్టారి చేతికి గంటనిస్తే ఇంతే. ఉండండి, ఒక్కటి కొట్టి ఆపేస్తాను…

వద్దా? ఎందుకొద్దు?

… యూలోహియో చేతికర్ర లేకుండానా?

… కిటికీ దాకా?… వెనక్కి తిరిగారా, తనంతట తనే?

ఏడుస్తున్నారా మీరు?… సరే, ఉల్లిపాయలే అనుకుందాం.

లేదండీ, మహిమ అనను. చచ్చినా అనను. అలవాటు, శరీరం… కంపనం. ఆ, కంపనమే. మీరేమైనా అనుకోండి, నేను కాదనను.

కొట్టను. ఆయన అలిసేదాకా ముగింపు గంట కొట్టను. జుల్మా షాపు ముందు జనం కాసేపు ఓపిక పడతారు.

… నేనా? నేనెందుకు నడవడం? నేను తెర మీద కూర్చునే ఉన్నాను కదా!

… నవ్వండి, నవ్వండి. సరే, ఇక్కడ నన్ను చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి నేనూ నడుస్తాను. రిసీవరు బల్ల మీద పెడుతున్నాను. మీరు మాత్రం పెట్టేయకండి. ఆయన కాళ్ళు వణికితే గట్టిగా కేకెయ్యండి, నేనీ బల్ల చుట్టూనే ఉంటాను… ఎడమ కాలా ముందు, కుడి కాలా?

… సరే.