టైపు చేసినందుకు

మిషిగన్, 1981. భర్త పీహెచ్‌డీ థీసిస్‌లో మిగిలిన కృతజ్ఞతల పేజీ టైపు చేస్తూ ఆమె ఠక్కున ఆగిపోయింది. బయట మంచు కురుస్తోంది. ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నా గురించి ఇంతేనా?"

"థాంక్స్ చెప్పానుగా, ఓపిగ్గా టైపు చేసిందని."

"మూడో చాప్టర్ ఎవరిదండీ?"

"ఇద్దరం డిస్కస్ చేశాం కదా."

"మీరు థీసిస్ రాస్తున్న ఆ డచ్ ఫిలాసఫర్, తనకన్నా ముందు రాసిన ఇంగ్లిష్ పెద్దాయనకి ఉత్త శిష్యుడన్నారు మీరు. కాదన్నాను నేను. హక్కులన్నీ రాజుకి అప్పజెప్పమన్నది పెద్దాయన. మనసులో ఆలోచించుకునే హక్కు ఎవరూ ఎవరికీ ఇచ్చెయ్యలేరన్నది డచ్చాయన. ఆ తేడా పట్టుకుందీ నేనే, రాసిందీ నేనే."

"ఇక్కడ అందరూ భార్యలకి ఇలాగే రాస్తారు. అదో పద్ధతి."

"మరి పెద్దాయన పుస్తకాల్లోంచి అంత నేర్చుకుని, ఆయన పేరు సరిగ్గా ఎత్తనైనా లేదని ఆ డచ్చాయన్ని రెండు పేజీలు తిట్టారే? అవీ నేనే టైపు చేశాను."

అతను గడియారం వైపు చూశాడు.

"రేపు సబ్మిట్ చెయ్యాలి. ముందు ఇది కానియ్."

ఆమె లేచి, కాగితాల కట్టలోంచి మూడో చాప్టర్ బయటికి తీసింది.

"నేను టైపు చేసినవన్నీ మీ దగ్గరే ఉంచుకోండి. రాసింది మాత్రం నేను తీసుకెళ్తున్నాను."