పట్టుపురుగుల వాకిలి

కెలమంగలం దగ్గరి పల్లెలో, మల్బరీ ఆకు గంపతో వచ్చిన మనవరాలికి పట్టుపురుగుల షెడ్డు వాకిట్లో అవ్వ అడ్డం నిలబడింది.

“ముట్టయి ఉండావు. నువ్వు లోపలికి పోతే పురుగులన్నీ చస్తాయి.”

“అన్న బస్సు దిగి కాళ్లు కూడా కడగకుండా లోపలికి పోయినాడు. ఏమీ అనలేదే అవ్వా?”

“వాడు మగోడమ్మా.”

“ఆ సంగతి పురుగులకు తెలుసునా?”

“నోరు ముయ్యి! పంట పోతే ఎవరిది పాపం?”

“పోయిన పంటప్పుడు కూడా ముట్టులోనే మేత వేసినాను. పట్టుగూళ్లు చూసి, నా చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకున్నావు.”

పిల్ల గంప దించలేదు.

“అప్పుడు దాచినాను. ఇంక దాచను. జరుగు అవ్వా, పురుగులు ఆకలితో ఉండాయి.”

అవ్వ మెల్లగా పక్కకు జరిగింది.

“కాళ్లు కడుక్కొని పో. మీ అన్ననూ బయటికి రమ్మను, వాడూ కడుక్కోవాల.”