కుడికి లాగే బోటు

దానయ్య లేడూ, మన మెరక మీద మూడో ఇల్లు, ఆడికి అనుమానం. దేని మీదంటావా? అన్నిటి మీదా. పెళ్ళాం మాసేనమ్మ కూరలో ఉప్పు తగ్గిస్తే, నాకేదో రోగముందని డాక్టరు దీనికి చెప్పేడు, ఇది నా దగ్గర దాస్తంది అనుకునే రకం. సర్కారోళ్ళు చేపల వేట బందు పెట్టిన రెండు నెలలూ అందరూ బోటు ఇంజన్లు షెడ్డులో పెట్టుకుంటే, ఈడు మాత్రం ఇంటికి మోయించుకుని మంచం పక్కనే పెట్టుకున్నాడంట. ఎవడో లోపలి సామాను మార్చేస్తాడని. ఊసుపోక రోజూ దాన్ని తోముకునేవాడు, పెళ్ళాం గిన్నెలు కూడా అంత తోమదు అనుకో.

ఆడి బావమరిది ఎల్లాజీ, మాసేనమ్మ తమ్ముడు. ఇద్దరిదీ పదేళ్ళ నించీ ఒకే బోటు. దానయ్య ఇంజను పడతాడు, ఎల్లాజీ వల పడతాడు. ఒక్కడి వల్ల అయ్యే పనా అది, నీకు తెల్సుగా. బందు తీసేసేరు, గంగమ్మకి పసుపూ కుంకం పెట్టి బోటు దించేరు. ఏమైందంటే, కెరటం దాటి స్పీడు పెంచేసరికి బోటు కుడికి లాగేస్తంది. బోటుని తిప్పే ఇంజను పిడి బిగించి పట్టుకుంటే తిన్నగా ఎళ్తంది, కాస్త వదులు చేసేవా, కుడికి. తూర్పుకి పోవాల్సినోళ్ళు దక్షిణానికి పోతన్నారు. ఒడ్డుకొచ్చేసరికి దానయ్య భుజం వాచిపోయిందంట.

ఐసుపెట్టె కుడిపక్కనుందని ఎడమకి జరిపేరు. కుడికే లాగింది. ఇంజను నడిమజ్జన బిగించలేదేమోనని తాడు పెట్టి కొలిచేరు, సరిగ్గానే ఉంది. నీళ్ళలో తిరిగే పంకాకి వలపీలికేదైనా చుట్టుకుందా అని ఇంజను పైకెత్తి చూసేరు, అదీ లేదు. మూడో రోజుకి దానయ్యకి బోటు మీద అనుమానం పోయి బావమరిది మీద పడింది. ఎందుకంటే, ఆ మజ్జన అవతలి పేటోళ్ళు ఎల్లాజీని తమ బోటు మీదకి రమ్మంటన్నారంట. ఎల్లాజీకి పోడానికి సాకు కావాలి, అందుకే ఇంజనుకేదో చేసేడు అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా? వలలు దులుపుకుంటున్న పదిమందిలో, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేసేన్రా, నా ఇంజనుకేం చేసేవో చెప్పు అన్నాడు. ఎల్లాజీ చేతిలో వల మడతపెట్టి, బావ కాళ్ళ దగ్గర పెట్టి, ఎళ్ళిపోయేడు. చూసేరా, తప్పు చేసినోడు గనకే నోరు పెగల్లేదు, అన్నాడు దానయ్య. పాపిష్టి మాట. నాకిప్పుడు చెప్తన్నా ఒళ్ళు మండుతంది.

ఇంక చూడు, పేటంతా చేపలతో వస్తన్నారు, ఈడి బోటు ఇసక మీద ఎండుతంది. ఎవర్ని పిలిచినా, నీ బోటెక్కితే రేపు మమ్మల్నీ దొంగలంటావు, వద్దులే అన్నారు. మాసేనమ్మ అన్నం పెట్టి అవతలికి పోతంది. అప్పుడు కాకినాడ నించి జానుబాబని ఇంజన్ల మేస్త్రిని రప్పించేడు. ఆయన ఏ సామాను కొట్టేస్తాడోనని ఆయన చేతులే చూస్తా నిలబడ్డాడంట. జానుబాబు వంగి చూసేడు. పంకా పైన చేప రెక్క లాంటి చిన్న బిళ్ళ ఉంటది. దీన్నెవడు తిప్పేడయ్యా అన్నాడు. పంకా ఎప్పుడూ ఒకేపక్కకి తిరుగుద్ది, దానికి బోటు పక్కకి లాగుద్ది, ఆ లాగుడు ఆపడానికే ఈ బిళ్ళ రవ్వంత వంకరగా బిగిస్తారు, ఎవడో మహానుభావుడు దీన్ని తిన్నగా పెట్టేసేడు, అన్నాడు.

ఆ మహానుభావుడు ఎవరో తెల్సా? మన దానయ్యే. బందులో తోముతా తోముతా, అరే ఇది వంకరగా ఉంది, ఎవడో కిట్టనోడు ఒంచేసేడు అనుకుని, బోల్టు వదులు చేసి, ఒక కన్ను మూసి చూసుకుని మరీ తిన్నగా బిగించేడు. జానుబాబు బిళ్ళ వెనక కొసని కుడికి తిప్పేడు. లాగేదే కుడికి, మళ్ళీ కుడికే తిప్పుతావేంటి అన్నాడు దానయ్య, అప్పుడు కూడా చూడు. నీళ్ళలో వేసి చూసుకో అన్నాడాయన. వేసేరు. పిడి మీద రెండేళ్ళు ఆనించితే చాలు, బోటు తిన్నగా పోతంది.

ఎల్లాజీ ఇంటికి ఎళ్ళేడు, అదొక్కటీ మెచ్చుకోవాలి. గుమ్మంలో నిలబడి, ఒరే, తప్పు నాదేరా, ఆ బిళ్ళ తిప్పింది నేనే, అన్నాడు. తెల్సు బావా, అన్నాడంట ఎల్లాజీ. నువ్వు తిప్పుతున్న రోజు అక్కని చూద్దామని వచ్చి నీ ఎనకే ఉన్నాను, బోటు లాగిన మొదటి రోజే అదేననుకున్నాను. మరి చెప్పలేదేంట్రా అని దానయ్య. చెబితే ఏమందువు బావా, నా ఇంట్లో దూరి నా ఇంజను మీద కన్నేసేవా అందువు. పదేళ్ళయినా నీకో మాట చెప్పడానికి నాకు భయమే. నేను అవతలి పేటోళ్ళకి మాటిచ్చేసేను, నువ్వెళ్ళు.

దానయ్య తలొంచుకుని ఇంటికొచ్చి కూచున్నాడు. మాసేనమ్మకి జాలేసి, పోన్లే, రేపు నేను ఎళ్ళి మా తమ్ముణ్ణి బతిమాలతాను అంది. అప్పుడు ఈడన్నాడు గదా, అది కాదే, తెల్సుండీ చెప్పలేదంటే ఆడి మనసులో ఏదో ఉందే, అని. అంతే, ఆవిడ వడ్డిస్తన్న పళ్ళెం అక్కడే వదిలేసి లేచి తమ్ముడింటికి ఎళ్ళిపోయిందంట. బోటు బాగానే ఉంది, కావాలంటే ఎళ్ళి చూసుకో, అదిగో ఆ ఇసక మీదే ఉంది. నన్నూ ఆ బోటెక్కి వేటకి రమ్మన్నాడు, నడుం నెప్పని చెప్పేను. నమ్మేడంటావా?