కొండతో పోటీ

"ఇవాళ పైకి వెళ్ళకే లస్త్రీ, నాకేదో కీడు తోస్తోంది," అంది తల్లి, మెరాపి కొండవాలున తమ వంటింట్లో పులియబెట్టిన సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తూ. ఆ అగ్నిపర్వతాన్ని కనిపెట్టుకుని ఉండటమే కూతురి ఉద్యోగం.

"కొండ ఉబ్బుతోందమ్మా. వెళ్ళి కొలవాలి."

"దాని ఒళ్ళు కాస్త వెచ్చబడితే పరుగెత్తుతావు. మొన్న నేను జ్వరంతో పడుంటే తొంగి చూశావా?"

"సముద్రపు అడుగు మన నేల కిందికి దూరుతోంది. అక్కడ కరిగిన రాయే పైకొస్తోంది."

"దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నీకు కంఠతా. నిన్ను కన్నది అదా, నేనా?"

కూతురు బూట్ల తాళ్ళు బిగించుకుని లేచింది.

"పోయినసారి కొండ పేలినప్పుడు ఊరంతా కిందికి దిగినా నువ్వు ఆవును వదిలి రాలేదు. నిన్నెప్పుడు లాక్కుని పరుగెత్తాలో ఆ కొండను కాక ఎవర్ని అడగనమ్మా?"