మాడిన దుంపలు

భోజనాల గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. వంటింట్లో తోడికోడళ్ళిద్దరూ ఓవెన్ ముందు నిలబడిపోయారు.

"అక్కా, బంగాళాదుంపలు త్వరగా ఎర్రబడతాయని వేడి పెంచేశాను. అడుగున బొగ్గయిపోయాయి."

"మెల్లగా మాట్లాడు. మీ బావగారికి వినపడుతుంది. బాగున్నవి పైపైన ఏరి గిన్నెలో సర్దు. మాడినవన్నీ నా పళ్ళెంలో వెయ్యి."

"ఇల్లంతా వాసనొస్తుంటే ఎలా దాస్తాం? నేనే మాడ్చానని చెప్పేస్తాను. కొత్తదాన్ని, నన్నేమంటారు?"

"నువ్వు నోరెత్తకు. నేనే మాడ్చానని చెప్తాను."

"ట్రే చూసి ఎందుకక్కా అలా వెనక్కి జరిగారు? పోయినసారి మీ మోచేతి మీద ట్రే తగిలి కాలిందన్నారు, అందుకా?"

"ట్రే తగిలే కాలింది."

"మరింకేం, ఈసారి నేను పట్టుకుంటాను."

"అప్పుడూ ట్రే పట్టుకున్నది నేను కాదే పిచ్చిదానా."