దొర మీది మొక్కు

దసరా నాటి ఉదయం. ఆగిరిపల్లి మామిడితోటకు కాపలా ఉండే రాఘవయ్య పాక ముందు అతనూ, భార్య వెంకాయమ్మా, పండక్కి ఉంగుటూరు నుంచి అప్పుడే దిగిన అతని అక్క బుజ్జమ్మా.

“నేనంటం కాదే మరదలా, మీ పక్కపాక అమృతమ్మ అంది. నేనింకా బండి దిగనే లేదు, ఎదురొచ్చి మరీ చెప్పింది. తెల్లారగట్ల నువ్వు నెత్తిన గంప పెట్టుకుని తోటలోకి పోతన్నావంట. ఏంటే అది అంటే పేడ అన్నావంట. అన్నావో లేదో, ఆ పేడ కొక్కొరోకో అని కూసిందంట.”

“అమృతమ్మకి చెవుడు వదినా.”

“చెవిటిదానిక్కూడా వినపడేట్టు కూసిందన్నమాట.”

“ముందు కాళ్ళు కడుక్కో. కాసిని మజ్జిగ తాగు.”

“మజ్జిగ మా ఊళ్ళోనూ ఉంది. కోడేదే?”

“ఏ కోడి?”

“ఏ కోడంటావేంటే, మీకున్నదే ఒక్కటి. ఆ తెల్లపుంజు. దొర అని పేరు కూడా పెట్టుకుంటివి.”

“దొరా? వాడు పొద్దున్నుంచీ కనపట్టం లేదు వదినా.”

“ఏరా రాఘవయ్యా, కనపట్టం లేదంట.”

“లేదక్కా. చెట్టు చెట్టూ వెతికా. దొరికితే ఈ గడప ముందే కోసేద్దును. పండగపూట అక్కొస్తే పచ్చిపులుసు పోసి పంపుతామా?”

“విన్నావా? పోయిన కనుమకి దానికి కాలు బెణికిందన్నావు. సరే, కుంటిదాన్ని తినకూడదేమో అనుకున్నా. అమ్మోరి కొలుపులకొస్తే తెగులన్నావు. ఊళ్ళో ఏ కోడికీ లేని తెగులు, దానొక్కదానికే, అదీ నేనున్నన్నాళ్ళే. ఏరువాకకి ఏమన్నావో గుర్తుందా?”

“పొదుగుతున్నాడన్నాను.”

“పుంజు.”

“తల్లి లేని పిల్లలుంటే రెక్క కింద పెట్టుకున్నాడు వదినా. వాడి మనసు మంచిది.”

“తెల్లదొరలంతా ఓడలెక్కి పోయారు, నీ దొరొక్కడే పోడు. స్వరాజ్యం మనుషులకే అనుకున్నా. కోళ్ళక్కూడా ఇచ్చారా?”

“వాడి తల్లిని గద్ద తన్నుకుపోతే నా కొంగులో పెట్టుకుని సాకాను. చేతిలో మేసినవాణ్ణి ఎట్టా కొయ్యమంటావు?”

“నువ్వు కొయ్యకు, తమ్ముడు కోస్తాడు. నువ్వు తినకు, నేను తింటా. ఎక్కడ దాచావో అది చెప్పు.”

“చెప్పవే వెంకాయమ్మా. అక్క అంత ఇదిగా అడుగుతుంటే.”

“నువ్వూరుకో మావా. చెప్పినా లాభం లేదు వదినా. వాణ్ణిప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. మొక్కేశాను.”

“మొక్కా? ఎవరికి?”

“అమ్మోరికి. మొక్కు తీరకుండా తింటే కళ్ళు పోతాయి.”

“ఓసి పిచ్చిదానా, ఆ మాట ముందే చెప్పొద్దా. ఇవాళ దసరా. అమ్మోరి ముందు కోసి, ఇంటికి తెచ్చి వండుకుంటాం. మొక్కూ తీరుద్ది, కూరా అవుద్ది. లేవరా తమ్ముడూ, కత్తి తియ్యి.”

“కత్తికి పదును లేదక్కా.”

“నూరు.”

“ఆగు వదినా. కోరిక తీరాకే కదా మొక్కు చెల్లించేది? అదింకా తీరలేదు.”

“ఏం కోరికే?”

“బయటికి చెబితే ఫలించదంటారు.”

“చెప్పకపోతే తోటంతా తిరిగి గంపలెత్తి చూస్తా.”

“మీ తమ్ముడు చుట్టలు మానేస్తే పుంజునిస్తానని మొక్కాను.”

“ఎప్పుడు మొక్కావే? నాతో ఒక్క మాటనలేదే.”

“అంటే మానేస్తావేమోనని భయమేసింది మావా.”

“ఇంకేం మరి. మానేయరా రాఘవయ్యా. నీ దగ్గుకి తోటలో కోతులు కూడా పక్క తోటకి పోతన్నాయంట. ఇప్పుడే మానేయ్. ఆ పుంజు మీద చెయ్యేసి ఒట్టు పెట్టు. ఈలోగా నేను అల్లం వెల్లుల్లి నూరతా.”

“ఒక్కపూట మానితే మానినట్టా వదినా? ఏడాదన్నా చూడాలి.”

“అమ్మోరికి ఒట్టు చాలు, ఏడాది అక్కర్లా. నువ్వు మాట్లాడకు. వాడి నోటితో వాణ్ణి చెప్పనీ.”

“మావా, నువ్వు మానతానంటే నేను అడ్డం రాను. రాత్రిళ్ళు ఆ దగ్గు వింటూ పడుకునేదాన్ని నేనే కదా. నేనే... నేనే పోయి వాణ్ణి తెస్తా. నిజంగా మానతావా?”

“చూశావా, అదే దారికొచ్చింది. ఏంరా, నువ్వూ దారికి రావేం? పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఇంకోటి అడిగానా? చెప్పు. నీకు అక్క ఎక్కువా, చుట్ట ఎక్కువా?”

“చుట్టే. వెంకాయమ్మా, నిప్పు పట్రా. దొరకి నూకలు పొద్దున్నే నేనేసొచ్చాను.”