గరాటు మీద గీత

మోంటానాలో జింకల వేటకు ఇంకా వారమే ఉంది. చనిపోయిన భర్త ఖాళీ తూటాల్లో తుపాకి మందు నింపుకునే బల్ల ముందు ఆవిడ మొదటిసారి కూర్చుంది. నేర్పడానికి వచ్చిన మరిది, బల్లకు బిగించిన మందు కొలిచే పరికరం మీది ప్లాస్టిక్ గరాటు చూపించాడు.

“వదినా, ఈ గరాటులో ఉన్నది ఏ మందు?”

“మీ అన్న పోసిందే. నా మొదటి తూటా దీంతోనే నింపుతా.”

“మరి డబ్బా ఏది? ఏ డబ్బాలోంచి తీస్తే అది పక్కనే పెట్టుకునేవాడుగా!”

“అంత్యక్రియలకి జనం వస్తారని డబ్బాలన్నీ నేనే సర్దేశా. నల్లగానే ఉందిగా, ఏదైతేనేం?”

“చూడ్డానికి అన్నీ నల్లగానే ఉంటాయి. ఒకదానికి బదులు ఇంకోటి పడిందంటే తుపాకి నీ మొహం మీదే పేలుద్ది. పారబోసెయ్.”

“ఆయన పోయిన రోజు పని మధ్యలో భోజనానికి పిలిచింది నేనే. ‘వస్తున్నా, మిగతావి తిన్నాక చూస్తా’ అన్నారు.”

మరిది గరాటును ఊడదీసి ఆవిడ చేతికిచ్చాడు.

“సరే, ఎక్కడ పొయ్యను?”

“పెరట్లో చల్లెయ్. అందులో నత్రజని ఉంటుంది, గడ్డికి ఎరువు.”

ఆవిడ చల్లి వచ్చి, ఖాళీ గరాటును చొక్కా అంచుతో తుడిచింది. ఎంత తుడిచినా, మందు నిలిచినంత మేరా ప్లాస్టిక్కుకు పట్టిన గోధుమరంగు వదల్లేదు; దాని పై అంచు గీత గీసినట్టుంది.

“మందు నిలవుంటే అంతే, ఇక పోదు. కొత్తది కొందాంలే వదినా.”

“వద్దు. నేనూ సరిగ్గా ఆ గీత దాకానే పోసుకుంటా.”